అరంగుళం జాలీ

మెల్లగా రా కెజాయా, బూట్లు బయటే విడువు.
తలుపు కిర్రుమంటే చాలు, నాలుగు పిల్లలూ
విసిరిన గులకరాళ్లలా జాలీకి కొట్టుకుంటాయి.
గూడు దిగి ఇవాళ్టికి పదిహేడు రోజులు.
ఎగరడం వచ్చింది గానీ ఆగడం రాలేదింకా.

అదుగో, మొగలి పొద మొదట్లో ఆ గోధుమరంగు మూట.
వీపు చూడు.
చిరిగిన చొక్కాలోంచి మోచెయ్యిలా
ఈకలు పీకిన చోట తోలు.
పాము కాదు. పిల్లి కాదు.
చెరకు కోతల రాత్రులు ఎలకలొస్తాయి, అవీ కాదు.
వాళ్ల నాన్న.

నమ్మవు కదూ.
మొన్నటిదాకా పొద్దస్తమానం
చెదపుట్ట బద్దలుకొట్టి నే పోసిన పురుగుల్ని
ఒక్కొక్కటే ఏరి, తను ఆకలితో ఉండి
నాలుగు నోళ్లకూ పంచినవాడే వీడు.
తల్లి అప్పటికే రెండో గూట్లో గుడ్ల మీద.
పెంపకమంతా వీడిదే.

క్రిమ్సన్ ఫించ్ జాతే అంత.
పెద్దపిల్ల రొమ్ము పక్కన
ఒక ఈక ఎరుపెక్కింది.
ఒక్కటే. నా కళ్లద్దాలకు ఆనలేదు.
వాడికి ఆనింది.
తన రంగు ఇంకొకడి ఒంటి మీద కనపడ్డాక
వాడికది బిడ్డ కాదు,
రాత్రికి రాత్రి గట్టు జరిపిన పొరుగువాడు.

"సాల్వూ, పిల్లల్ని తీసి వేరే గదిలో వెయ్" అంటుంది జూజా.
వేశాను, పోయినేడు. తొందరపడ్డాను.
గిన్నె నిండా కొర్రలు, సామలు,
మొలకెత్తిన ఊదలు, దోసకాయ ముక్క.
వాటి మధ్యనే నిలబడి
నోళ్లు తెరుచుకుని చచ్చాయి మూడు.
ఆకలి తెలుసు వాటికి, తిండి తెలీదు.
ఇది గుర్తుపెట్టుకో:
గిన్నె వైపు కాదు, గిన్నె కింద చూడాలి.
పొట్టు రాలుతుంటేనే పిల్ల తింటున్నట్టు.
అందాకా తండ్రి కావాలి.
పెట్టే ముక్కూ అదే, పొడిచే ముక్కూ అదే.

మా నాన్న మాల్టా నుంచి ఓడెక్కి వచ్చి
ఈ మెకై పొలాల్లో చెరకు నరికాడు.
నాకు గడ్డం మొలిచిన ఏడు, ఓ మధ్యాహ్నం
ఆయనకంటే ముందు నా సాలు తెగింది.
అంతే. ఆ రాత్రి నుంచి నా పళ్లెం వరండాలోకి వచ్చింది.
దోమల జాలీ తలుపు మాకు.
దాని అవతల ఆయన చెంచా చప్పుడు.
సర్లే, అదెందుకిప్పుడు.
ఆ మేకు ఇలా అందుకో.

ఈ చట్రం రాత్రంతా కూర్చుని బిగించాను.
అరంగుళం జాలీ.
పెద్దదైతే పిల్లలు తల దూర్చి ఇరుక్కుంటాయి,
మరీ సన్నమైతే వాడి ముక్కు పట్టదు.
అటూ ఇటూ ఒకే ఎత్తులో కొమ్మ కట్టు,
జాలీకి ఆనేలా. ఇంకొంచెం కిందికి. ఆఁ.
ఇవతల మూలలో గడ్డి దట్టంగా పెట్టు,
భయపడ్డ వీపుకి చోటు కావాలి.
పిల్లలిటు. వాడటు.
ఇక మాట్లాడకు.

వచ్చాడు.
ఒళ్లంతా నిప్పు. తోక టపటపలాడిస్తున్నాడు.
జాలీని గుద్దాడు.
మళ్లీ గుద్దాడు.
తీగ సన్నగా మోగింది.

గడ్డిలోంచి ఒకటి బయటికొచ్చింది,
ఆ వీపు బోసిపోయినదే, పిచ్చిది.
కొమ్మ మీదికి గెంతి
మెడ మెలితిప్పి, తల కిందికి వాల్చి
నోరు మాత్రం పైకి తెరిచి
వాణ్నే అడుగుతోంది.

కదలకు.

చూశావా.
సందులోంచి ముక్కు దూర్చాడు.
పెడుతున్నాడు.
గొంతు ఆడుతోంది చూడు దానికి.

కాసేపటికి మళ్లీ గుద్దుతాడు, గుద్దనీ.
ఆ సామల డబ్బాకి మూత పెట్టు,
చీమలు పడతాయి.